పిల్లల క్యాన్సర్ ట్రయల్: సంతకానికి ముందు, ఆ తర్వాత

పిల్లలకు క్యాన్సర్ అని తేలిన కొద్దిరోజులకే, ఒక్కోసారి ఆ వారంలోనే, డాక్టరు క్లినికల్ ట్రయల్ (మందునో వైద్య పద్ధతినో రోగుల్లో పరీక్షించి చూసే అధ్యయనం) మాట ఎత్తుతారు. చేతిలో ముప్పై నలభై పేజీల కాగితాలు పెడతారు. నిద్ర సరిగా లేదు, కీమో మొదలుపెట్టాల్సిన రోజు దగ్గర పడుతోంది. అప్పుడు చాలామంది అడిగే ప్రశ్న ‘ఇది మంచిదేనా?’ అని. దానికి సూటిగా జవాబు దొరకదు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇది: ‘ఈ ట్రయల్‌లో చేరకపోతే మా బిడ్డకు ఏ వైద్యం చేస్తారు?’ ఆ జవాబును ఒక కాగితం మీద రాయించుకోండి. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ దాన్ని పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి.

మొదటి మెట్టు: ఆ ట్రయల్ ఏం తేల్చాలనుకుంటోందో తెలుసుకోండి

ట్రయల్ అన్నవన్నీ ఒకలాంటివి కావు. ఫేజ్ అంకె చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

ఫేజ్ 1లో వెతికేది మోతాదు. మందు పనిచేస్తుందా అన్నది అక్కడ రెండో ప్రశ్న. పెద్దవాళ్ళలో ఖాయమైన మోతాదుకు దాదాపు 80 శాతం దగ్గర మొదలుపెట్టడం పిల్లల ట్రయల్స్‌లో మామూలు పద్ధతి. ముగ్గురు నుంచి ఆరుగురు పిల్లల చిన్న గుంపుకు ఆ మోతాదు ఇస్తారు. తట్టుకోలేని దుష్ప్రభావాలు రాకపోతే తర్వాతి గుంపుకు పెంచుతారు. అంటే మీ బిడ్డ ఎన్నో గుంపులో చేరుతున్నాడన్న దాన్ని బట్టి అందే మోతాదు మారుతుంది. ‘ఇప్పుడు ఎన్నో మోతాదు స్థాయి నడుస్తోంది, ఇంతకుముందు గుంపుల్లో ఏం జరిగింది?’ అని అడగండి. మామూలు వైద్యాలన్నీ అయిపోయి, జబ్బు తిరగబెట్టిన పిల్లలకే ఎక్కువగా ఫేజ్ 1 చూపిస్తారు. పిల్లల క్యాన్సర్ ఫేజ్ 1 ట్రయల్స్ ఫలితాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వచ్చింది. అందులో గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది నూటికి సుమారు పదిమందిలో. ప్రాణం తీసే దుష్ప్రభావం సుమారు ఇద్దరిలో కనిపించింది. ఈ రెండు అంకెలూ తెలిసి కూడా ‘చేరతాం’ అనే తల్లిదండ్రులు ఉంటారు, ‘ఇంటికి తీసుకెళ్తాం’ అనేవాళ్ళూ ఉంటారు. ఇద్దరూ సరైన పనే చేస్తున్నట్టు. ఈ అంకెలు తెలియకుండా సంతకం పెట్టించడమే తప్పు.

ఫేజ్ 2లో ఫలానా క్యాన్సర్ మీద ఆ మందు ఎంతవరకు పనిచేస్తోందో చూస్తారు.

ఫేజ్ 3 వేరే రకం. ఇప్పటికి తెలిసిన అత్యుత్తమ వైద్యం ఒకవైపు, దానికి చిన్న మార్పు చేసిన వైద్యం ఇంకోవైపు ఉంటాయి. ఎవరు ఎటు అన్నది లాటరీ వేసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది, దీన్నే రాండమైజేషన్ అంటారు. కొత్తగా క్యాన్సర్ బయటపడ్డ పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవే. పిల్లల క్యాన్సర్ పరిశోధన చేసే చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ నడిపిన ఏఏఎల్ఎల్1731 అనే ట్రయల్ మంచి ఉదాహరణ. బి-రకం లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) వచ్చిన, మామూలు రిస్కు గల పిల్లలు 1,440 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు కీమో, ఇంకో భాగానికి అదే కీమోతోపాటు బ్లినాటుమొమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును రెండు విడతలు ఇచ్చారు. మూడేళ్ళకు జబ్బు లేకుండా ఉన్నవాళ్ళు మొదటి భాగంలో 87.9 శాతం, రెండో భాగంలో 96 శాతం. తేడా అంత స్పష్టంగా కనబడేసరికి, అనుకున్నదానికంటే ముందే లాటరీ ఆపేశారు. ఫలితాలు 2024లో వెలువడ్డాయి.

ఇది చదివి ‘కొత్తది దొరికితేనే అదృష్టం’ అనుకోకండి. ఎముక క్యాన్సర్ మీద అనేక దేశాలు కలిసి చేసిన యూరామోస్-1లో, ఆపరేషన్‌కు ముందు కీమోకి గడ్డ సరిగా లొంగని పిల్లలకు మామూలు మందులకు తోడు మరో రెండు మందులు కలిపి చూశారు. ఫలితం మెరుగుపడలేదు, బాధలు మాత్రం పెరిగాయి. అక్కడ మామూలు వైద్యం పడ్డవాళ్ళే మేలు. ఏది మేలో ముందే తెలిస్తే ఆ ట్రయల్ పెట్టే అవసరమే ఉండదు.

వైద్యాన్ని పెంచేవే కాదు, తగ్గించి చూసే ట్రయల్స్ కూడా ఉన్నాయి. కీమో బాగా పనిచేసిన పిల్లలకు రేడియేషన్ మానేయొచ్చా అన్నది అలాంటి ప్రశ్న. అందులో భయం వేరు: దుష్ప్రభావం కాదు, జబ్బు తిరగబెట్టడం. అలాంటి ట్రయల్‌లో ‘జబ్బు తిరగబెడితే అప్పుడు వైద్యం ఏంటి, అది ఎంతవరకు ఫలిస్తుంది?’ అన్న ప్రశ్నకే ఎక్కువ సమయం కేటాయించండి. రక్తమో గడ్డ ముక్కో దాచి పరిశోధన చేసే స్టడీలు వేరే కోవ. వాటివల్ల వైద్యం మారదు.

రెండో మెట్టు: వెతకడం

ముందు మీ డాక్టర్నే అడగండి. ‘ఇక్కడ లేకపోయినా ఇంకెక్కడైనా ఉందా?’ అని పొడిగించి అడగాలి. ఎందుకంటే చాలామంది డాక్టర్లు తమ ఆసుపత్రిలో తెరిచి ఉన్నవే చెబుతారు. తర్వాత మీరే చూడొచ్చు. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అన్న రిజిస్ట్రీ పేరుకు అమెరికాదే గానీ ప్రపంచంలోని ట్రయల్స్ చాలా అందులో ఉంటాయి. అనేక దేశాల రిజిస్ట్రీలను ఒకచోట వెతకడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పోర్టల్ ఉంది.

వెతికేముందు ఒక పేజీ సారాంశం తయారుచేసుకోండి. పాథాలజీ రిపోర్టులో ఉన్న జబ్బు పూర్తి పేరు, స్టేజి లేదా రిస్కు గ్రూపు (జబ్బు తిరగబెట్టే అవకాశాన్ని బట్టి చేసే విభజన), జన్యు పరీక్షల్లో తేలిన మార్పులు, ఇప్పటిదాకా ఇచ్చిన ప్రతి మందు, చివరి డోసు తేదీ, రేడియేషన్ ఎక్కడ ఎంత, వయసు, బరువు. ‘బ్రెయిన్ ట్యూమర్’ అని వెతికితే వందలు వస్తాయి. మెడుల్లోబ్లాస్టొమా అని, అందులోనూ ఏ ఉపరకమో పెట్టి వెతికితే నాలుగో అయిదో మిగులుతాయి. వయసు ఫిల్టర్‌లో పిల్లలను ఎంచుకోవడం, ‘ఇప్పుడు చేర్చుకుంటున్నాం’ అన్న స్థితి ఉన్నవే చూడటం మరవకండి.

రిజిస్ట్రీలో తెరిచి ఉన్నట్టు కనిపించినా, ఆ ఆసుపత్రిలో ఖాళీ లేకపోవచ్చు. ఫేజ్ 1లో ఒక గుంపు నిండాక తర్వాతిది తెరిచేదాకా తాత్కాలికంగా ఆపుతారు. కాబట్టి బయల్దేరే ముందు ట్రయల్ కోఆర్డినేటర్‌తో మాట్లాడి, పేజీ సారాంశం పంపి, ‘మా బిడ్డకు చోటు ఉందా, ఎన్నాళ్ళు నిలిపి ఉంచగలరు?’ అని కనుక్కోండి.

మూడో మెట్టు: అర్హత, ఎక్కువమంది తప్పిపోయే చోటు

ప్రతి ట్రయల్‌కూ ఎవర్ని చేర్చుకోవాలి, ఎవర్ని వద్దు అన్న జాబితా ఉంటుంది. అందులో డాక్టరు ‘కొంచెం సర్దుకుందాం’ అనడానికి వీల్లేదు. ఒక్క అంకె తేడా వచ్చినా చేర్చుకోరు. సాధారణంగా చూసేవి: న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు), ప్లేట్‌లెట్లు, వయసుకు తగ్గ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), బిలిరుబిన్ (కాలేయం పనితీరు), గుండె పంపింగ్. ఇవి ఇన్ని రోజుల లోపు చేసినవై ఉండాలన్న షరతు కూడా ఉంటుంది. పది రోజుల కిందటి రిపోర్టు బాగున్నా చెల్లకపోవచ్చు.

పిల్లవాడి హుషారును కూడా అంకెతో కొలుస్తారు. పదహారేళ్ళ లోపు పిల్లలకు లాన్స్కీ స్కోరు, ఆపైన కార్నోఫ్స్కీ స్కోరు. లాన్స్కీ 50 అంటే, బట్టలు వేసుకుంటాడు గానీ రోజులో ఎక్కువసేపు పడుకునే ఉంటాడు, పరిగెత్తే ఆటలు లేవు, కూర్చుని ఆడే ఆటలు మాత్రం ఆడతాడు అని అర్థం. చాలా ట్రయల్స్ అడిగే కనీసం ఇదే. ఇల్లు, ఆట, నిద్ర గురించి నర్సు అడిగే మామూలు ప్రశ్నల వెనక ఉన్నది ఈ స్కోరే. ‘బాగానే ఉన్నాడండీ’ అనో, ‘ఏం బాగా లేడు’ అనో ఒక్క ముక్కలో తేల్చకుండా, నిన్న పొద్దుట్నించి ఏం చేశాడో చెప్పండి.

తెలియక చేజారే సందర్భాలు ఇవి:

స్టెరాయిడ్. లుకేమియా అని తేలకముందే ఆయాసానికో, ఒళ్ళు నొప్పులకో స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే క్యాన్సర్ కణాలు తాత్కాలికంగా తగ్గి, రోగ నిర్ధారణే తడబడుతుంది. రిస్కు గ్రూపు తేల్చడం కష్టమవుతుంది. కొన్ని ట్రయల్స్‌లో అర్హత పోతుంది. గత నెలలో వాడిన ప్రతి మందు చీటీ, సిరప్ సీసాతో సహా, చూపించండి. దాచినా చివరికి బయటపడుతుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

విరామం. పాత కీమో ఆఖరి డోసుకూ ట్రయల్ మందుకూ మధ్య ఇన్ని రోజులు ఉండాలంటారు. రక్తకణాలను తగ్గించే కీమోకి సాధారణంగా మూడు వారాలు, కొన్ని మందులకు ఆరు. ‘ఊరికే ఉండటం ఎందుకు, ఒక డోసు ఇద్దాం’ అని స్థానికంగా మధ్యలో కీమో ఇప్పిస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. జబ్బు వేగంగా పెరుగుతుంటే ఆ విరామం నిజంగా ప్రమాదమే. అందుకే ఆ డోసు ఇవ్వాలా వద్దా అన్నది ఇద్దరు డాక్టర్లూ ఫోన్లో మాట్లాడుకుని తేల్చాలి, మీరు మధ్యలో సందేశాలు మోయకూడదు.

గడువు. కొత్తగా తేలిన లుకేమియాలో చేరే గడువు రోజుల్లోనే ఉంటుంది. వైద్యం మొదలయ్యాక కొన్నిటిలో చేరడం కుదరదు.

గడ్డ ముక్క. ట్రయల్ సెంట్రల్ ల్యాబ్‌కు పంపాల్సిన పారఫిన్ బ్లాకు (గడ్డ ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మె) లేదా స్లైడులు మొదటి ఆసుపత్రిలో ఉండిపోతాయి. వాటిని తెప్పించడానికే రోజులు పడుతుంది. రెండో అభిప్రాయానికి వెళ్ళేరోజే బ్లాక్ కోసం అర్జీ పెట్టండి. బ్లాకులో సరుకు అయిపోతే మళ్ళీ బయాప్సీ చేయాల్సి రావచ్చు.

నాలుగో మెట్టు: సమ్మతి పత్రం చదవడం

ఇదంతా ఒక్క సిట్టింగులో అయ్యేది కాదు. ఇంటికి తీసుకెళ్ళి చదివే హక్కు మీకు ఉంది. ఎమర్జెన్సీ కాకపోతే కనీసం ఒక రాత్రి గడవనివ్వండి. రెండోసారి కూర్చున్నప్పుడు ఇంకొకర్ని వెంట తీసుకెళ్ళండి. ఒకరు వింటారు, ఒకరు రాసుకుంటారు. భాష అర్థం కాకపోతే దుబాసీని ఆసుపత్రే ఏర్పాటు చేయాలి. ఇంట్లో పెద్దపిల్లలతో అనువదింపజేయొద్దు. చెల్లెలి జబ్బు గురించి ఆ మాటలు నోటితో పలికే భారం వాళ్ళమీద పడకూడదు.

పత్రంలో ప్రతి పరీక్షకూ ఎదురుగా రెండు అక్షరాల్లో ఒకటి రాసుకోండి: మామూలు వైద్యంలో ఎలాగూ చేసేదైతే ‘మా’, ట్రయల్ కోసమే అదనమైతే ‘అ’. డాక్టరు పక్కన కూర్చుని ఈ పని చేస్తే అరగంటలో అసలు భారం ఎంతో కళ్ళకు కడుతుంది. అదనపు బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష, మత్తు ఇచ్చి చేసే అదనపు స్కాన్, ఆసుపత్రిలో ఉండాల్సిన అదనపు రాత్రులు ఉన్నాయా అన్నది ముఖ్యంగా చూడండి.

రక్తం సంగతి కూడా లెక్కేయండి. పరిశోధన కోసం తీసే రక్తం ఒకసారికి పిల్లవాడి మొత్తం రక్తంలో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం మించరాదన్నది యూరప్ మార్గదర్శకాల మాట. పిల్లల్లో కిలో బరువుకు 80 మిల్లీలీటర్ల చొప్పున రక్తం ఉంటుందనుకుంటే, 15 కిలోల పాపలో 1,200. అందులో 1 శాతం 12 మిల్లీలీటర్లు, 3 శాతం 36. మందు రక్తంలో ఎంతసేపు ఉంటుందో చూడటానికి ఒకేరోజు ఎనిమిది శాంపిళ్ళు, ఒక్కోటి 2 మిల్లీలీటర్లు తీస్తామంటే 16 అయింది. ఇక్కడే ఆపి అడగాలి. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో అమర్చిన గొట్టం) నుంచి తీసేటప్పుడు మొదట లాగి పారేసే కొన్ని మిల్లీలీటర్లను లెక్కలో వేస్తున్నారా అనీ అడగండి. సాధారణంగా అది ఎవరికీ గుర్తుండదు.

తప్పనిసరి భాగమూ ఐచ్ఛిక భాగమూ వేర్వేరుగా ఉంటాయి. మిగిలిన శాంపిళ్ళు భవిష్యత్తు పరిశోధనకు దాచుకోవచ్చా, జన్యు పరీక్షలు చేయొచ్చా అన్న గడుల్లో ‘వద్దు’ అని పెట్టినా ట్రయల్‌లో చేరొచ్చు. అన్నిటికీ వరసగా ‘అవును’ టిక్కు పెట్టేయకండి.

ప్లాసిబో పేరు వింటే తల్లిదండ్రులు హడలిపోతారు. పిల్లల క్యాన్సర్‌లో వైద్యం మానేసి ఉత్తి బిళ్ళ ఇచ్చే ట్రయల్‌ను ఎథిక్స్ కమిటీలు ఒప్పుకోవు. ఒకవేళ ప్లాసిబో ఉన్నా అది మామూలు వైద్యానికి తోడుగా ఉంటుంది.

డబ్బు విషయం మొహమాటం లేకుండా తేల్చుకోండి. ట్రయల్ మందు ఉచితం కావడం మామూలే. దాంతోపాటు వాడే మామూలు మందులు, స్కాన్లు, ఆసుపత్రి బెడ్, జ్వరంతో అడ్మిట్ అయితే బిల్లు, ప్రయాణం, బస ఎవరు భరిస్తారో ఒక్కో పద్దుకూ విడిగా రాయించుకోండి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరి బాధ్యతో పత్రంలో ఒక పేరా ఉంటుంది. అది వెతికి చదవండి. ట్రయల్ ముగిశాక మందు పనిచేస్తుంటే దాన్ని కొనసాగిస్తారా అన్నదానికి నోటిమాట చాలదు.

అయిదో మెట్టు: పిల్లల ఒప్పుదల

చట్టపరంగా సంతకం మీది. అయినా అర్థం చేసుకునే వయసు వచ్చిన పిల్లల ఒప్పుదల కూడా తీసుకుంటారు. చాలాచోట్ల ఏడేళ్ళ దగ్గర్నుంచి అడుగుతారు. ఆరేడేళ్ళ పిల్లలకు ‘ఫేజ్’, ‘రాండమైజేషన్’ అక్కర్లేదు. ఏం నొప్పి పెడుతుంది, ఎన్నిసార్లు సూది, ఇంటికి ఎప్పుడు వెళ్తాం, జుట్టు పోతుందా అన్నవి కావాలి. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు ఇంటర్నెట్‌లో ముందే చదివేసి ఉంటారు. వాళ్ళకు డాక్టరుతో విడిగా మాట్లాడే సమయం ఇవ్వండి. భవిష్యత్తులో పిల్లలు పుట్టడం మీద ప్రభావం, వీర్యం లేదా అండాలు దాచుకునే వీలు, గర్భనిరోధం గురించి అమ్మానాన్నల ముందు వాళ్ళు నోరు విప్పరు.

అడిగితే నిజమే చెప్పాలి. ‘సూది ఉండదు’ అని ఒప్పించిన పిల్లలు రెండో రోజు నుంచి ఎవరి మాటా వినరు. ట్రయల్ నడుస్తుండగా మేజర్ అయితే సొంతంగా మళ్ళీ సమ్మతి పత్రం మీద సంతకం చేయాల్సి ఉంటుంది.

ఆరో మెట్టు: మందు మొదలయ్యాక ఇంట్లో

నోటితో తీసుకునే మందు అయితే డైరీ ఇస్తారు. తేదీ, గంట, ఎన్ని మాత్రలు, వాంతి అయిందా అన్నది ఏ రోజుకారోజు రాయాలి. విజిట్‌కు ముందురోజు కూర్చుని మొత్తం ఒకే పెన్నుతో నింపితే నర్సులకు ఇట్టే తెలుస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ లెక్కలమీదే తర్వాతి పిల్లల మోతాదు ఖాయం చేస్తారు. వాంతి అయితే మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది మందును బట్టి మారుతుంది. మొదటి రోజే అడిగి డైరీ అట్ట మీద రాసుకోండి. ఖాళీ సీసాలు, మిగిలిన మాత్రలు పారేయొద్దు. లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు.

బయటి మందులు ఏవైనా, విటమిన్లయినా, ఆకుపసర్లయినా, అడగకుండా ఇవ్వకండి. కారణం ఊరికే కాదు. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వాడే పిల్లలకు ఇట్రాకొనజోల్, వోరికొనజోల్ లాంటి ఫంగస్ మందులు తోడైతే విన్‌క్రిస్టిన్ ఒంట్లో పేరుకుని నరాలు దెబ్బతింటాయి. దవడ నొప్పి, భరించలేని మలబద్ధకం, పాదం ఈడ్చుకుంటూ నడవడం దాని గుర్తులు. మెథోట్రెక్సేట్ అనే కీమో మందును ఎక్కువ మోతాదులో ఎక్కించే రోజుల్లో నొప్పి మందు ఇబుప్రొఫెన్ ఇస్తే మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటకు పోవడం ఆలస్యమవుతుంది. ట్రయల్ మందు కొత్తదైతే ఏది ఏంతో పడదో ఇంకా పూర్తిగా తెలిసి ఉండదు, అందుకే ఇంత కట్టడి. టీకాలు కూడా అడిగాకే. జీవ టీకాలు కీమో నడుస్తున్నప్పుడు వేయరు.

జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటి గంటసేపు నిలిచినా, ఒక్కసారి 101 చూపించినా ఆసుపత్రికి బయల్దేరండి. మీ టీమ్ వేరే అంకె చెబితే అదే పాటించండి. కొలవకముందు పారాసెటమాల్ వేయొద్దు, ఆసనంలో థర్మామీటర్ పెట్టొద్దు. చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. దగ్గర్లోని వేరే ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే అక్కడి డాక్టరుకు ట్రయల్ సంగతి తెలియదు. మందు పేరు, ప్రోటోకాల్ (ట్రయల్ నియమావళి) నంబరు, రాత్రీపగలూ పలికే ఫోన్ నంబరు ఉన్న కార్డు పర్సులో ఒకటి, స్కూలు బ్యాగులో ఒకటి ఉంచండి.

కనిపించిన ప్రతి మార్పూ చెప్పండి, చిన్నదని దాచకండి. దుష్ప్రభావాలకు 1 నుంచి 5 దాకా గ్రేడ్లు ఇస్తారు. 4 అంటే ప్రాణాపాయం, 5 అంటే మరణం. ఇక్కడ ఒక మాట: న్యూట్రోఫిల్స్ 500 కంటే తగ్గితే పిల్లవాడు ఆడుకుంటున్నా కాగితం మీద అది గ్రేడ్ 4. కీమోలో తరచూ జరిగేదే. రిపోర్టులో ఆ అంకె చూసి బెంబేలెత్తకుండా, దేనికి ఆ గ్రేడ్ ఇచ్చారో అడగండి. తీవ్రమైనది ఏదైనా జరిగితే డాక్టరు స్పాన్సరుకు (ట్రయల్ బాధ్యత వహించే సంస్థకు) సాధారణంగా 24 గంటల్లో తెలపాలి. కొత్త ప్రమాదం బయటపడితే మీకు చెప్పి, మళ్ళీ సంతకం అడుగుతారు. ఆ రెండో పత్రాన్ని మొదటిదంత శ్రద్ధగా చదవండి. అందులో ఏం మారిందో గీత గీసి చూపించమనండి.

ఏడో మెట్టు: మధ్యలో ఆపాలంటే

ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, బయటికి రావచ్చు. అందువల్ల మామూలు వైద్యం ఆపకూడదు, డాక్టరు ముఖం ముడుచుకోకూడదు. కానీ ‘మానేస్తాం’ అన్నదానికి రెండు అర్థాలు ఉన్నాయి. ట్రయల్ మందు ఆపి, చెకప్‌లకు మాత్రం వస్తూ ఉండటం ఒకటి. సమాచారం కూడా తీసుకోవద్దనడం ఇంకొకటి. మీరు కోరేది ఏదో స్పష్టంగా చెప్పండి. మొదటిదాంట్లో మీ బిడ్డ మీద నిఘా కొనసాగుతుంది, ఆలస్యంగా వచ్చే హాని దొరుకుతుంది. అప్పటిదాకా సేకరించిన సమాచారం మామూలుగా అలాగే ఉంటుంది. శాంపిళ్ళు నాశనం చేయమని కోరొచ్చు. మందును మాత్రం ఇంట్లోనే ఉన్నపళంగా ఆపేయకండి, కొన్నిటిని మెల్లగా తగ్గించాలి.

డాక్టరే ఆపే సందర్భాలూ ఉంటాయి: జబ్బు పెరగడం, దుష్ప్రభావం తట్టుకోలేకపోవడం, భద్రతా పర్యవేక్షణ బోర్డు ట్రయల్‌నే నిలిపేయడం. ఇవన్నీ ఎప్పుడు జరుగుతాయో ప్రోటోకాల్‌లో ముందే రాసి ఉంటుంది. చేరేరోజే అడిగి పెట్టుకుంటే ఆ రోజు వచ్చినప్పుడు ‘మమ్మల్ని వదిలేశారు’ అన్న భావన కొంత తగ్గుతుంది. నొప్పి తగ్గించే పాలియేటివ్ టీమ్‌ను ఫేజ్ 1లో చేరిన మొదటి వారం నుంచే కలవొచ్చు. ట్రయల్‌కూ దానికీ పోటీ లేదు.

ఎనిమిదో మెట్టు: ముగిశాక అడిగి తీసుకోవాల్సినవి

ఆసుపత్రి నుంచి వైద్య సారాంశం తీసుకోండి. డాక్సోరూబిసిన్ లాంటి గుండెమీద ప్రభావం చూపే మందులు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు పడ్డాయి, వినికిడి మీద ప్రభావం చూపే సిస్‌ప్లాటిన్ ఎంత, రేడియేషన్ ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత), ట్రయల్ మందు పేరు, ఎన్ని విడతలు, లాటరీలో ఏ వైపు పడ్డాడు అన్నవి అందులో అంకెలతో ఉండాలి. పదిహేనేళ్ళ తర్వాత గుండెకో, వినికిడికో పరీక్షలు ఎంత తరచుగా చేయాలో కొత్త డాక్టరు తేల్చుకునేది ఈ అంకెల మీదే. రెండు కాపీలు తీయించి, ఒకటి ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ట్రయల్ ఫలితాలు రావడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి, అడ్రసు, ఫోను మారినప్పుడల్లా కోఆర్డినేటర్‌కు చెప్పండి. ఫలితాల సారాంశం మామూలు భాషలో పంపమని రాతపూర్వకంగా కోరండి.